కాశీ త్రోవలో కదలెడి ఇల్లు

మేడ్చలు దాటి తూప్రాను సమీపించువరకును మా బండి నాతో మాటలాడుచునే యుండెను. ఇంజను ధ్వని నేనెరిగినదే. చక్రముల క్రింద రహదారి చేయు రొదయు నాకు క్రొత్తది కాదు. కాని ఆ రెంటికిని మించి, నా వీపువెనుక, ఉగాదినుండి దసరావరకు నా చేతులతో నేనమర్చుకొనిన ఆ చిన్న గృహములోనుండి, అరల తలుపులును, సొరుగులును, గిన్నెలును, నీటిడబ్బాలును, పరుపుక్రింది పెట్టెలును ఒక్కొక్కటి తన స్వరముతో తాను కుదురుకొనినదియు కుదురుకొననిదియు విన్నవించుకొనుచుండగా, పాఠమొప్పజెప్పు బాలుని వినుచున్న ఉపాధ్యాయునివలె నేను చెవియొగ్గి బండి నడుపుచుంటిని. ముప్పది నాలుగేండ్లు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతిగొనిన నాకు ఆ పోలిక సహజముగనే తోచినది. ఒక్క చప్పుడు మాత్రము, గతుకు వచ్చినప్పుడెల్ల టక్కుమని తగులుచు, తక్కినవానితో కలియక నిలిచెను. నా ప్రక్కన కూర్చుండిన నా ధర్మపత్ని కొంతసేపు తల యొకవైపునకు వంచి విని, "ఏమండీ, అది గిన్నెల చప్పుడు కాదు. రెండో సొరుగు వెనక్కి పోయి తగులుతోంది" అనెను.

కామారెడ్డికి ఇవతల ఒక టీకొట్టు ముందర చింతచెట్టు నీడను బండి నిలిపి చూడగా ఆమె మాటయే నిజమయ్యెను. సొరుగునకు ముందువైపున గడియ నమర్చితిని గాని, వెనుకవైపున అది ఆనుకొని నిలుచుటకు ఆనిక నమర్చుట మరచితిని. ఆ వెలితి అంగుళములో సగమైనను లేదు. అయినను అరువది కిలోమీటర్ల దూరము అది మమ్ము విడువక వెంటాడెను. ఉన్నిపట్టీ యొకదానిని మడచి వెనుక పలకకు అతికించినంతనే సొరుగు నోరు మూతపడినది. ఆ సమయమున, ఈ బండిపనిలో నాకు గురువైన వృద్ధ వడ్రంగి మాట జ్ఞప్తికి వచ్చినది. "సందు వేరు, వదులు వేరు సారూ. సందు మనం ఇడిసేది. వదులు మనం మర్సిపోయింది" అని ఆయన చెప్పెడివాడు. ఈ యాత్ర ముగియువరకు ఆ మాటయే నాకు త్రోవ చూపినది గావున, ఈ వ్రాతయు ఆ మాటకు ఋణపడియున్నది.

మేము పోవలసినది కాశికి. రైలున్నది, విమానమున్నది, అయినను ఈ త్రోవనే పోవలెనను కోరిక నాకు చిరకాలముగా నుండుటకు కారణము ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషియైన ఆ మహనీయుడు 1830 మే 18వ తేదీన ఇల్లు విడిచి, పల్లకీలతోను, బోయీలతోను, గుడారములతోను, సుమారు నూరుమంది పరివారముతోను హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను; ఆ యాత్రాచరిత్రము 1838లో అచ్చుపడినది. ఆయన నడచిన దిక్కుననే, కాశినుండి కన్యాకుమారివరకు సాగిన పాత 7వ నంబరు జాతీయ రహదారి నిర్మితమైనది. 2010లో సంఖ్యలు మారిన పిదప అది పలు ఖండములుగా చీలి, హైదరాబాదునుండి లఖనాదౌను వరకు గల భాగము 44వ నంబరైనది. హైదరాబాదునుండి కాశివరకు మా త్రోవ మొత్తము సుమారు 1,250 కిలోమీటర్లు. నూరుమంది మోసిన వసతిని ఇద్దరు మనుష్యులు తమ వెంట తామే తీసికొనిపోవుట ఎట్లు అను ప్రశ్నయే మా బండికి పునాది.

బండి పాత టెంపో ట్రావెలరు. చేసెడి సంస్థ పేరు 2005లోనే ఫోర్స్ మోటార్స్ అని మారినను జనులు దానిని నేటికిని టెంపో అనియే పిలుచుచున్నారు. అమ్మినవారు దానితో పెండ్లివారిని, తిరుపతి యాత్రికులను చేరవేసిరట. బండి స్వరూపమును యజమాని తన ఇచ్చవచ్చినట్లు మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను శాసించుచున్నది గనుక, ముందుగా అనుమతి పొంది, మార్పును నమోదుపత్రమున ఎక్కించుకొని, అటుపిమ్మటనే ఆసనములను విప్పితిమి. విప్పగా మిగిలినది డ్రైవరు వెనుక పది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పుగల ఇనుపగది. నేలపై చాప నెత్తగా క్రింద త్రుప్పు కనబడెను. దానిని బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు పూసి ఆరనిచ్చుటకే వారము పట్టినది. పైన ఎంత అందమైన చెక్క పరచినను, క్రింద త్రుప్పును దాచి పరచినచో రెండేండ్లలో ఆ నేల మనలను మోయక మానును.

వడ్రంగి మా వీధి చివర ద్వారబంధములు చేయు ముసలివాడు. బండికి చెక్కపని ఆయనయు ఎన్నడును చేసియుండలేదు, అయినను వచ్చి, లోపల కూర్చుండి, గోడరేకును వ్రేలితో తట్టి, చాలసేపు ఊరకుండి, "రేకు ఎండకు సాగుతది సారూ, చెక్క వానకు ఉబ్బుతది. రెండిటినీ ఒక్కతాన బిగిస్తె రెండూ కొట్లాడుకుంటయి. నడుమ సందు ఇడువాలె" అని తేల్చెను. నేను ఇంటికి వచ్చి కాగితముపై లెక్క వేసితిని. మూడు మీటర్ల ఉక్కురేకు నలువది డిగ్రీల వేడిమి భేదమునకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సాగును. చెక్కకు వేడిమికంటె తేమ పెద్ద శత్రువు. ఉబ్బుటకు చోటు దొరకని పలక మధ్యలో పొంగి, మేకును పెరికివేయును. నేను సూత్రముతో చేరిన స్థలమునకు ఆయన ఏబదియేండ్ల చేతిపనితో అంతకు ముందే చేరియుండెను. ఆనాటినుండి ప్రతి పలక అంచునను గోరు పట్టునంత సందు విడిచితిమి.

ఆ మాట విన్నప్పుడు నాకు మా గూడుబండియు స్మరణకు వచ్చినది. నా బాల్యమున శివరాత్రికి మేళ్లచెరువు జాతరకు మా తాతగారు మమ్ము గూడుబండిలో తీసికొనిపోవుచుండెడివారు. వెదురుబద్దల నర్ధచంద్రాకృతిగా వంచి, పైన చాపను కప్పిన ఆ గూడు ముందును వెనుకను తెరచియుండుటవలన గాలి యొక కొననుండి మరియొక కొనకు పారుచుండెడిది. అడుగున మోకాటిలోతు వరిగడ్డి పరచి, దానిపై జంపఖానా వేయుటవలన చక్రముల కుదుపు గడ్డిలోనే సగమణగెడిది. ఎండను అడ్డగించునది చాప మాత్రమే కాదు, చాప ఆకులనడుమ నిలిచిన గాలి. కుదుపును మ్రింగునది గడ్డి మాత్రమే కాదు, గడ్డిపోచల నడుమ నున్న శూన్యము. మా తాతగారి బండిలో నున్నది లోపలి అలంకారము కాదు. గాలికిని, వేడికిని, కుదుపునకును ఏర్పరచిన త్రోవలు. నేను చేయవలసినదియు అదియే అని నిశ్చయించుకొంటిని.

కనుక గోడలకు, పైకప్పునకు ముందుగా రేకుయొక్క కంపనమును అణచు బ్యుటైల్ పట్టీలు అక్కడక్కడ అతికించి, వానిపై ఎయిర్‌కండిషను గొట్టములకు చుట్టెడి నల్లని నైట్రైల్ రబ్బరుపరుపును జిగురుతో పరచితిమి. ఆ రబ్బరులోని సూక్ష్మమైన గాలిగదులు ఒకదానితో నొకటి కలియనివి గావున వేడియు, తేమయు వానిని సులభముగా దాటలేవు. పైకప్పున మాత్రము రబ్బరునకును లోపలి పలకకును నడుమ ముప్పాతిక అంగుళము ఖాళీ యుంచి, ఆ ఖాళీవైపునకు మెరుగు కనబడునట్లు అల్యూమినియపు రేకును అమర్చితిమి. ఈ మెరుగురేకు విషయమున పలువురు పొరబడుచుందురు. దానిని రెండు పొరల నడుమ నొక్కి బిగించినచో అది వేడిని నేరుగా ఇవ్వలి పొరకు అప్పగించును; దాని ఎదుట గాలి యుండినప్పుడే అది కిరణరూపమైన వేడిని త్రిప్పికొట్టగలదు. సందు లేనిచోట ఆ వెలగల వస్తువు ఉత్త రేకు. మే నెలలో చేయి మోపనీయని ఆ కప్పు క్రింద, పొరలన్నియు వేసిన తరువాత, మధ్యాహ్నము కూర్చుండి నేను పుస్తకము చదువుకొంటిని.

సోన్ వద్ద గోదావరి దాటునప్పుడు వంతెనపై బండి వేగము తగ్గించితిని. మార్గశిరమాసపు గోదావరి ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయలై మెల్లగా పారుచుండెను. ఆ పూట నిర్మలలో నిలిచితిమి. ఏలయనగా బండికి కావలసిన కొయ్యనుగూర్చి నేను తొలుత ఆలోచించినది ఈ యూరి బొమ్మలను తలచుకొనియే. నిర్మలబొమ్మలు పొనికికర్రతో చేయబడును. చేతబట్టినచో అరచేతిలో బరువే తోచదు. నేనొక పండ్లబుట్ట బొమ్మను చేతబట్టి నిలుచుండగా, పనివాడు చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపి అతుకుల నెట్లు పూడ్చుదురో చూపెను. పొనికి మెత్తనిది గావున మంచమునకు, బల్లకు పనికిరాదు. కాని తేలికదనమును గూర్చిన పాఠమును అదియే నాకు నేర్పినది.

బండిగృహమున బరువు ప్రతిదినము వెల చెల్లింపవలసిన వస్తువు. ఎక్కినంతసేపు డీజిలును త్రాగును, దిగునప్పుడు బ్రేకులను తినును. ఎనిమిదడుగులు నాలుగడుగుల ప్లైవుడ్ పలక పదునెనిమిది మిల్లీమీటర్లదైనచో సుమారు ముప్పదియైదు కిలోలు తూగును. పండ్రెండు మిల్లీమీటర్లదైనచో ఇరువది మూడు. ఆరు పలకలు వాడిన గృహములో ఆ భేదము ఒక మనిషి బరువు. కావున తడి తగులు నేలకు, కడుగుతొట్టి చుట్టును మాత్రము 710 ముద్రగల మెరైన్ ప్లైవుడ్ వాడి, అరల గోడలకు పలుచని పలకలను అల్యూమినియపు చట్రములో బిగించితిమి. మేకులు కుదుపునకు సడలును. మామూలు నట్టులును క్రమముగా తిరుగును. అందువలన బరువు మోయు ప్రతిచోట నైలాను కంఠముగల నట్టులనే వేసితిమి. పని ముగిసిన పిదప కాటామీద బండిని తూపించి, మునుపు ఆసనములును ప్రయాణికులును కలిసి తూగిన దానికంటె తక్కువనియు, కుడియెడమలు సమముగా నున్నవనియు తెలిసికొనిన తరువాతనే నాకు నిద్ర పట్టినది.

ఆదిలాబాదు దాటి పెన్‌గంగ వంతెనపై తెలుగుదేశమునకు నమస్కరించి, ప్రత్తిచేల నడుమ హింగన్‌ఘాట్ మీదుగా నాగపురము చేరుసరికి ప్రొద్దు క్రుంకినది. ఒక పెట్రోలుబంకు వెనుక లారీలు నిలుచు విశాలమైన ఆవరణలో, యజమాని అనుమతితో, రాత్రికి నిలిచితిమి. పగలు ఎదురెదురు బల్లలుగా నుండి, రాత్రి నడుమ దూలములు జరిపినచో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుగల శయ్యయగు మా మంచమునకు నేను మొదట ప్లైవుడ్ పలకనే పరచదలచితిని. వలదని వారించినది నా భార్య. "పలక మీద పరుపు వేస్తే అడుగు చెమ్మగిల్లి బూజు పడుతుంది. నవారు అల్లించండి" అని ఆమె యనెను. నిద్రించు దేహమునుండి దిగిన తేమ పరుపును దాటి చల్లని పలకకు తగిలి నీరగుననుట నేను పుస్తకములలో చదివినదే. మా అమ్మమ్మ నవారుమంచమును మరచుటవలన మాత్రమే ఆ చదువు నాకు సమయమునకు స్ఫురింపలేదు. నవారు తేలిక, శరీరమునకు లొంగును, పట్టీల నడుమ గాలి పారును, సడలినచో బిగించుకొనవచ్చును. ఇంత తగిన వస్తువు మన ఇండ్ల అటకలమీద పడియుండగా దానికొరకు నేను బజారులన్నియు తిరిగితినిగదా అని అనుకొంటిని.

వంటకు అయిదుకిలోల గ్యాసుబండ. వంటగ్యాసు గాలికంటె బరువైనది. ఎచ్చటనైన కారినచో పైకి పోక, నేలమీద నీటివలె ప్రాకి పల్లమున నిలుచును. అందుచేత బండను లోపలికి సందులేని ప్రత్యేకపు పెట్టెలో నుంచి, ఆ పెట్టె అడుగున మాత్రము బయటికి తెరచిన రెండంగుళముల రంధ్రమును తొలిచితిమి. ప్రక్కతలుపు తెరువక పొయ్యి వెలిగింపరాదనుట మేమిద్దరము పెట్టుకొనిన నియమము. ఆ రాత్రి నారింజల వాసన వచ్చుచుండిన ఆ ఆవరణలో పెసరపప్పు, చారు వండుకొని, తలుపు వాకిట కాళ్లు వ్రేలాడవేసికొని భుజించితిమి.

నాగపురము దాటినంతనే దేశము స్వరూపము మార్చుకొనును. టేకుచెట్లు ఇరువైపుల దగ్గరై, పెంచ్ అభయారణ్యమున రహదారి స్తంభములపై కెక్కి, క్రిందినుండి పులులును, జింకలును దాటిపోవుటకు త్రోవ విడిచి, తాను పైనుండి పోవును. మనుష్యుడు వేసికొనిన దారి మృగముల దారిని త్రెంపకుండ ఈ విధముగా లేచి తప్పుకొనుట చూచి నా మనస్సు నిండినది. 1894లో వెలువడిన జంగిల్ బుక్ కథలకు రడ్యార్డు కిప్లింగు రంగస్థలముగా గ్రహించిన సివనీ కొండలు ఇవియే. ఆ రాత్రి సివనీ సమీపమున ఒక ధాబా ఆవరణలో నిలిచితిమి. చలి మిక్కుటముగా నుండెను. పైకప్పునందలి పంకాను ఆపి, దాని మూత బిగించి, కిటికీలన్నియు మూసి, రెండు రగ్గులు కప్పుకొని పండుకొంటిమి.

తెల్లవారుజామున నా భార్య నన్ను లేపెను. ఆమె శాలువ భుజమువద్ద తడిసియుండెను. దీపము వేసి చూచితిమి; కిటికీ అద్దములపై ధారలు; పైకప్పును మోయు ఇనుపబద్దలలో ఒకదాని అంచున ముత్యములవలె నీటిబొట్లు వరుసగట్టి, ఒక్కొక్కటి బరువెక్కి, జారి పడుచుండెను. బయట వాన లేదు, ఆకాశము నిర్మలము. ఇద్దరు మనుష్యులు ఒక రాత్రిలో ఊపిరితోను చర్మముతోను విడుచు నీరు సుమారు అర లీటరుండును. పది అడుగుల గదిలో ఆ ఆవిరికి పోవుటకు త్రోవ లేనప్పుడు అది చల్లనిచోటును వెదకికొని, అచ్చట నీరై నిలుచును. ఆ చల్లనిచోటు ఎట్లేర్పడినదో బ్యాటరీదీపముతో వెదకగా, నా చేతి దోషమే బయటపడినది. ఆ యొక్క బద్దవద్ద, పని ముగింపు తొందరలో, నేను రబ్బరు పొరను వేయక, పలకను నేరుగా ఇనుమునకు మరతో బిగించితిని. బయటి చలి ఆ ఇనుము వెంట నిరాటంకముగా లోపలికి నడచివచ్చినది. విడువవలసిన సందును విడువనిచోట చలి తన దారిని తాను చేసికొన్నది. నా భార్య శాలువను ఆరవేయుచు, "చలికి భయపడి అన్నీ మూసేశాం. మన ఊపిరే మన మీద వానై కురిసింది" అనెను. ఈ మాటకంటె స్పష్టముగా ఆ సూత్రమును నేను ఏ తరగతిలోను చెప్పియుండలేదు.

మరునాడు జబ్బలుపురమున ఆ పలకను విప్పి, ఇనుపబద్దకు నైట్రైలు పట్టీ చుట్టి, నడుమ రబ్బరు బిళ్ళలుంచి మరల బిగించితిని. ఆ రాత్రినుండి ఎంత చలియైనను, తలుపు ప్రక్కనున్న క్రిందికిటికీని ఒక అంగుళము తెరచి, పైకప్పు పంకాను అన్నింటికంటె మెల్లగా బయటికి త్రిప్పుచుంటిమి. చల్లని పొడిగాలి క్రింద ప్రవేశించి, వెచ్చనై, ఆవిరిని వెంటబెట్టుకొని పైకి పోవును. ప్రవేశము క్రిందను, నిర్గమము పైనను. ఒక్కటియే యుండినచో గాలి నిలిచిపోవును. ఆ పంకాకొరకు పైకప్పు రేకును పదునాలుగంగుళముల చదరముగా కోసిననాడు నా చేయి వణకినది. క్రొత్తయింటి కప్పుకు చిల్లు పెట్టుటకు మనసొప్పునా? కాని బండికి మేము చేసిన మార్పులన్నింటిలోను ఒక్కదానిని మాత్రమే మిగుల్చుకొనుడని ఎవరైన అడిగినచో, ఆ చిల్లునే మిగుల్చుకొందును.

భేడాఘాటులో నర్మద చలువరాతికొండల నడుమ ఇరుకున దూరి ప్రవహించును. ధూమమువలె తుంపరలు లేపు ధువాంధార జలపాతముకడ అంత గర్జించిన నది, ఆ తెల్లని గోడల సందులో ప్రవేశించినంతనే గంభీరమై, నిశ్శబ్దమై సాగుట చూచి మేము పడవలో మాటలు మానుకొంటిమి. సాయంకాలము గ్వారీఘాటున దీపములు నీట విడిచిన పిమ్మట, బండిలో నీళ్లు నింపుకొంటిమి. మా నీటి యేర్పాటు మిక్కిలి సరళమైనది: మన యూళ్లలో ఇంటింటికి వచ్చు ఇరువది లీటర్ల డబ్బాలు రెండు, వెనుక ఇరుసునకు చేరువగా, అడుగున పట్టీలతో బిగించినవి, కాలితో నొక్కు చిన్న పంపు, వాడిననీటికి మరియొక డబ్బా. మొదట పంపు నాలుగుసార్లు నీరు పోసి ఆగిపోవుచుండెను. మూత గట్టిగా బిగియుటవలన బయటికి పోయిన నీటిచోటునకు గాలి రాలేక డబ్బా లోపలికి నొక్కుకొనిపోవుచుండెడిది. మూతకు సూదిబెజ్జము పెట్టినంతనే నీరు తడబాటులేక వచ్చినది. ఇచ్చుటకు కూడ లోపల కొంత రావలెను.

కట్నీ, మైహరు దాటి రీవా చేరుసరికి పొగమంచు కమ్మినది. ఈ నగర సమీపముననే గుఢ్ వద్ద 750 మెగావాట్ల సౌరవిద్యుత్క్షేత్రము 2020లో దేశమునకు అంకితమైనది. కాని మేము నిలిచిన రెండు దినములును సూర్యుడు పాలగాజు వెనుకనున్న దీపమువలె కనబడెను. మా బండి కప్పుపైనున్న 200 వాట్ల పలక హైదరాబాదులో మంచి యెండనాడు మాకు కావలసిన విద్యుత్తునంతయు నిచ్చినది. ఇచ్చట పంకాకు కావలసినంత ఇచ్చుటయే దానికి గగనమయ్యెను. ఆ పలకను కూడ కప్పునకు అంటించక రెండంగుళముల ఎత్తున బిగించితిమి. వేడెక్కినకొలది సౌరఫలకముల శక్తి తగ్గును గావున, క్రిందినుండి పారుగాలి దానిని చల్లబరచును. దాని నీడ కప్పును చల్లబరచును.

మంచములోని పెట్టెలో 12.8 వోల్టుల, 100 ఆంపియరు-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ యున్నది. అనగా 1,280 వాటు-గంటల నిధి. చిన్న రిఫ్రిజిరేటరు, పంకా, దీపములు, రెండు ఫోనులు కలిసి దినమునకు 700 వరకు వాడుకొనును. సూర్యుడు ముఖము చాటుచేసిననాడు ఇంజను నడచుచుండగా ఇరువది ఆంపియర్ల చార్జరు ద్వారా రెండు గంటలలో సుమారు 500 వాటు-గంటలను తిరిగి పోగుచేయవచ్చును. ఆ రెండు దినములు మేము రిఫ్రిజిరేటరు నాపి, పాలను బయటి చలికే అప్పగించితిమి. తక్కువ వోల్టేజి తీగల విషయమున ఇంటి అలవాటు పనికిరాదు. పది ఆంపియర్ల విద్యుత్తును అయిదు మీటర్ల దూరము 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పంపినచో పోవురాకలలో ఒక వోల్టునకు పైగా దారిలోనే వ్యయమగును; 4 చదరపు మిల్లీమీటర్లదైనచో అరవోల్టునకు లోపే. బ్యాటరీకి జానెడు దూరములోనే ఫ్యూజు నుంచవలెను. తీగ ఇనుపరేకును దూరి పోవు ప్రతిచోట రబ్బరుకంఠము తొడుగవలెను. మూలలయందు తీగను వీణతంత్రివలె లాగక ఒక చుట్ట మిగుల్చవలెను. ఈ చుట్టను చూచినప్పుడు మా వడ్రంగి, తనకు విద్యుత్తు తెలియకున్నను, తల యూపి సమ్మతించెను.

మీర్జాపురము తివాచీలకును, దరీలకును పేరుపొందినది. అచ్చట మా నేలకు సరిపడు నూలుదరీ నొకదానిని కొంటిమి; గోడకు తగులకుండ రెండు వ్రేళ్ల వెడల్పు తక్కువగా కోయించుమని నా భార్య దుకాణదారునకు చేతితో చూపెను. నేను నవ్వితిని, ఆమెయు నవ్వెను. పది అడుగుల గదిలో పగలును రేయియు ఇద్దరము కలిసి మసలిన ఈ యాత్రలో, బండికి నేర్చిన పాఠము మాకు కూడ చెందినదని మేము అనుకొననక్కరలేకయే తెలిసికొంటిమి. ఆమె ఉదయము వంటబల్లకడ నున్నంతసేపు నేను బయట నడచుచుందును. నేను మధ్యాహ్నము డైరీ వ్రాయుచుండగా ఆమె ముందుసీటున కూర్చుండి కన్నులు మూసికొనును. ఏబదియైదు చదరపుటడుగులకు మించని యింట ఎవరి గడియలు వారికి మిగిలినవి.

కాశీలో బండికి ప్రవేశము లేదు. నగరము అంచున కావలియున్న విశాలస్థలమున దానిని నిలిపి, ఒక్క సంచితో గొదౌలియావరకు ఆటోలో పోయి, అచ్చటినుండి పాండేహవేలీలోని శ్రీరామతారక ఆంధ్రాశ్రమమునకు కాలినడకను బయలుదేరితిమి. తెలుగు పలుకు వినబడు ఆ దిక్కునకు పోవు త్రోవలన్నియు సందులే. ఇరువైపుల అంతస్తుల యిండ్లు. నడుమ ఆకాశము ఒక నీలపు పట్టీ. ఎదురుగా ఆబోతు వచ్చినచో మనము గోడకు వీపుచేర్చి ఊపిరి బిగబట్టవలసినంత ఇరుకు. ఆ ఇరుకులోనే పాలబిందెలు వచ్చుచున్నవి, పెండ్లివారు పోవుచున్నారు, శవములు పోవుచున్నవి, గంగాస్నానము చేసి తడిబట్టలతో మనుష్యులు మరలుచున్నారు. ఇంటికిని ఇంటికిని నడుమ మిగిలిన ఈ ఇరుకు త్రోవను మన భాషలో సందు అందుము. చెక్కకును చెక్కకును నడుమ విడిచిన ఖాళీయు మనకు సందే. ఆ రెండర్థములు ఒక మాటలో నిమిడియుండుట ఏలనో నా కాలిక్రింది రాళ్లు అప్పుడు నాకు బోధించినవి. ఎన్నియో తరములుగా ఇండ్లు ఒకదాని నొకటి ఒరసికొనుచు పెరిగినను, ఈ కొలదిచోటును ఎవ్వరును మూయలేదు. మూసియుండినచో ఈ నగరమున గోడలే మిగిలియుండును.

మన తెలుగువారి ఆచారము ననుసరించి గంగలో మునిగి, ప్రీతికరమైన దానిని కాశీలో విడిచితిమి. ఆమె జామపండును, నేను వంకాయను. బండిలో వంటబల్లకు పైన, వడ్రంగి పట్టుబట్టి ఖాళీగా నిలిపించిన అర యొకటి కలదు. నేను దానిని పుస్తకములతో నింపవలెనని పలుమారు అనుకొంటిని. "ఒక్క అరనన్న ఉత్తగ ఉంచుండ్రి సారూ, పోయేటప్పుడు ఏం తీస్కపోతరో మీకెర్క, వచ్చేటప్పుడు ఏం తెస్తరో ఎవలకెర్క" అని ఆయన వారించియుండెను. మూతకు లక్క అంటిన కాశీచెంబులు ఆరు ఆ యరలో, నడుమ నడుమ గుడ్డపేలికలతో, కొలిచి చేసినట్లు కూర్చుండినవి. తిరుగుప్రయాణమున తూప్రాను దాటునప్పుడు నేను చెవియొగ్గి వింటిని. సొరుగు పలుకలేదు, చెంబులును పలుకలేదు.

కాశీసమారాధన నాడు వడ్రంగి పెందలకడనే వచ్చెను. చెంబును నేను రెండు చేతులతో అందింపగా కన్నుల కద్దుకొని, తలుపువాకిట నుంచి, మెల్లగా బండిలోని కెక్కెను. పలకల అంచులవెంట, ముందునుండి వెనుకవరకు, గోరును నడపుచు పోయెను. రెండున్నర వేల కిలోమీటర్ల ఎండను, మంచును, గతుకులను దాటివచ్చిన ఆ గోడ, సివనీలో నేను తడిసి నేర్చుకొని సరిచేసిన బద్దతో సహా, ఎచ్చటను ఆయన గోరును ఆపలేదు. చివరి మూలకు చేరి, వెనుదిరిగి, "సందు సందులెక్కనే ఉన్నది సారూ" అని, చేతులు కడుగుకొనుటకు నీళ్లడిగెను.